బెంగళూరులో పెద్ద సభకు చోటు ఎంచుకోవడం ఎలా: ప్యాలెస్ గ్రౌండ్స్ నుంచి చౌడయ్య హాలు దాకా

బెంగళూరులో ఏ మైదానం బ్రోషర్ తీసినా ముందు కనిపించేది కెపాసిటీ. ఐదు వేలు, పది వేలు, ఇరవై వేలు అని ఉంటుంది. అది ఖాళీ నేలకు వేసిన లెక్క. అందులో స్టేజీ లేదు, జనరేటర్ లేదు, టాయిలెట్ల వరస లేదు, అంబులెన్సు దారి లేదు. కార్యక్రమం అయిపోయాక ఆ జనమంతా ఎన్ని గేట్లలోంచి, ఎంతసేపట్లో, ఏ రోడ్డు మీదకు వెళ్తారో అసలే లేదు. చోట్లను పోల్చాల్సింది ఈ చివరి ప్రశ్న దగ్గరే. జనాన్ని నింపడం ఎక్కడైనా కుదురుతుంది. ఖాళీ చేయించేటప్పుడే ఏ చోటు ఎలాంటిదో బయటపడుతుంది.

ఉగాది సంబరాలో, సినీ సంగీత విభావరో, కూచిపూడి ఉత్సవమో, అష్టావధానమో పెట్టాలనుకునే తెలుగు సంఘాలకు, కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లకు పనికొచ్చే వరసలో ఇది రాశాం.

1. ముందు కార్యక్రమాన్ని కాగితం మీద పెట్టండి

చోటు వెతికే ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. కూర్చుని చూసేదా, నిలబడి చూసేదా? మాట ముఖ్యమా, పాట ముఖ్యమా? ఒకేసారి లోపల ఉండే జనం ఎంత? ఎన్ని గంటలకు ముగించాలి?

రెండో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. అవధానంలో పృచ్ఛకుడి సమస్య వినబడకపోతే ఆ సభే లేదు. పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం తీసేటప్పుడు హాలు ప్రతిధ్వనిస్తే తర్వాతి పద్యం మొదటి పాదం అందులో కలిసిపోతుంది. అదే హాలులో సినిమా పాటల ఆర్కెస్ట్రా బాగానే నడుస్తుంది. కూచిపూడి తరంగం (ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి చేసే నృత్యం) ఉంటే స్టేజీ నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ప్లైవుడ్ పలకల మధ్య రెండు మిల్లీమీటర్ల ఎత్తుపల్లాలున్నా పళ్లెం అక్కడ పట్టేస్తుంది. పలచని కార్పెట్ పరిస్తే ముడత పడి ఇంకా ప్రమాదం.

ముగింపు సమయం మీ చేతిలో ఉండదు. శబ్ద కాలుష్య నిబంధనలు (2000) రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్లను ఒప్పుకోవు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది గానీ, మీ తేదీకి అది దొరుకుతుందని ప్లాన్ వేయకండి. మైకు 9.45కే ఆగుతుందనుకుని వెనక్కి లెక్కపెట్టండి. మన సభల్లో సమయం తినేసేది సన్మానాలు. ఆరుగురికి శాలువా, జ్ఞాపిక, ఫొటో, ఆపైన "రెండు మాటలు" అంటే నలభై నిమిషాలు పోయినట్టే. ఆ భారం చివరికి ముఖ్య గాయకుడి మీద పడుతుంది.

2. నేలను కొలిచి, తీసివేతలు చేయండి

చోటు చూడటానికి వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి. 100 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం అనుకుందాం. మొత్తం 8,000 చదరపు మీటర్లు. 60 అడుగుల స్టేజీ, దాని వెనక గ్రీన్‌రూములు, జనరేటర్లు, ముందు బారికేడ్ సందు కలిపి పొడవులో 30 మీటర్లు పోతాయి. టాయిలెట్లకు, అంబులెన్సు దారికి అటూ ఇటూ పదేసి మీటర్లు. వెనక ప్రవేశానికి, తిండి స్టాళ్లకు 15 మీటర్లు. మిగిలేది 55 × 60, అంటే 3,300. సౌండ్ కన్సోల్ (మైకుల శబ్దాన్ని అదుపుచేసే బల్ల), అడ్డ దారులు తీసేస్తే 3,000 చదరపు మీటర్లు.

కుర్చీలు వేస్తే దారులతో కలిపి మనిషికి ఒక చదరపు మీటరు. నిలబడితే చదరపు మీటరుకు ఇద్దరు. అంటే ఇక్కడ కూర్చునేవాళ్లు 3,000, నిలబడేవాళ్లు 6,000. ఇదే మైదానానికి బ్రోషర్‌లో పదిహేను వేలని ఉన్నా ఆశ్చర్యపోకండి. చదరపు మీటరుకు నలుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదల్లేడు. ఐదు దాటితే జనం అలలా ఊగుతారు, పడినవాడు లేవలేడు.

3. గేట్ల లెక్క

క్రీడా మైదానాల భద్రతకు ప్రపంచమంతా వాడే లెక్క ఒకటుంది: సమతలంగా ఉన్న దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీదైతే 66 మంది. మొత్తం ఖాళీ కావడానికి ఎనిమిది నిమిషాలు దాటకూడదు. 6,000 మందికి భాగించి చూస్తే తొమ్మిది మీటర్లకు పైగా వెడల్పు కావాలి. అది కూడా గేటు తలుపుల వెడల్పు కాదు, అడ్డం లేని దారి వెడల్పు.

తప్పు జరిగేది ఇక్కడే. నాలుగు మీటర్ల గేట్లు రెండున్నాయని సంతోషిస్తాం. లోపలికి పంపేటప్పుడు క్యూ కోసం బారికేడ్లు పెట్టి ఒక గేటును మీటరున్నరకు కుదిస్తాం. రెండోదాన్ని వీఐపీ కార్ల కోసం తాళం వేసి ఉంచుతాం. కార్యక్రమం అయ్యేసరికి మిగిలింది నిమిషానికి 123 మంది పట్టే సందు. 6,000 మంది బయటపడటానికి దాదాపు యాభై నిమిషాలు. అందుకే చివరి పాటకు ముందే బారికేడ్లు తీసే పని ఎవరిదో పేరు రాసిపెట్టండి. తాళంచెవి గేటు దగ్గరే, ఒక మనిషి మెడలో ఉండాలి. ఆఫీసు గదిలో కాదు.

లోపలికి పంపడం వేరే లెక్క. బ్యాగు తనిఖీ, టికెట్ స్కాన్ కలిపితే ఒక వరసలో గంటకు 450 మంది దాటితే గొప్ప. గంటన్నరలో 6,000 మందిని పంపాలంటే తొమ్మిది వరసలు కావాలి. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయింది లోపల కాదు, గేట్ల బయట. లోపల ఎన్ని సీట్లున్నాయన్న దానికన్నా గేటు ముందు ఎంత ఖాళీ నేల ఉందన్నది పెద్ద ప్రశ్న. గేటు తీయగానే ఫుట్‌పాత్, దాని పక్కనే బస్సులు పోయే రోడ్డు ఉంటే, క్యూ మీ ఆవరణలోనే మెలికలు తిరిగేలా లోపలి స్థలం వదలాలి.

4. పెద్ద మైదానాలు: ఒక్కొక్కటీ

ప్యాలెస్ గ్రౌండ్స్ పేరు అందరికీ తెలుసు. బళ్లారి రోడ్డుకూ జయమహల్ రోడ్డుకూ మధ్య 450 ఎకరాలకు పైగా విస్తరించిన నేల. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా పాడింది ఇక్కడే. కానీ "ప్యాలెస్ గ్రౌండ్స్" అని ఒక మైదానం లేదు. గాయత్రి విహార్, త్రిపుర వాసిని, కింగ్స్ కోర్ట్ అంటూ వేర్వేరు పేర్లతో, వేర్వేరు గేట్లతో, వేర్వేరు నిర్వాహకులతో ఉన్న ముక్కలు. కొటేషన్ అడిగేటప్పుడు ముక్క పేరు, గేటు నంబరు రెండూ రాయించుకోండి. పాసు మీద కూడా అవే ముద్రించండి. లేకపోతే మీ ప్రేక్షకుల్లో కొందరు పక్క పెళ్లిలో భోజనానికి కూర్చుంటారు.

ఈ భూమిని స్వాధీనం చేసుకోవడానికి రాష్ట్రం 1996లో చట్టం చేసింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకెక్కి ఏళ్లుగా నడుస్తోంది. అద్దెకిచ్చేవారికి ఆ ముక్క మీద ఉన్న హక్కు పత్రం కాపీ అడగండి. పోలీసు అనుమతికి ఎలాగూ కావాలి.

ఇక్కడి అసలు ఇబ్బంది మూడు విధాలు. పెద్ద ముహూర్తం రోజున పక్కపక్కన మూడు నాలుగు పెళ్లిళ్లు, ఒక ఎగ్జిబిషన్ ఉంటాయి. అందరి కార్లూ బళ్లారి రోడ్డు మీదకే వస్తాయి, అదేమో విమానాశ్రయం దారి. మెట్రో స్టేషన్ నడిచేంత దగ్గర లేదు. నేల ఎర్రమట్టి. అరగంట వాన పడితే పట్టుచీర అంచు జానెడు మేర ఎర్రబడుతుంది, లోడుతో ఉన్న లారీ దిగబడుతుంది. ప్లాట్‌ఫాం లేకుండా కుర్చీలు వేసే కొటేషన్ చవగ్గా కనిపిస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. అయినా నగరం నడిబొడ్డున ఇంత ఖాళీ నేల ఇంకెక్కడా లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు, మూడు నుంచి ఎనిమిది వేల మంది, ఎక్కువమంది కార్లలో వచ్చే సభకు ఇప్పటికీ ఇదే మొదటి ఎంపిక.

తుమకూరు రోడ్డు మీద మాదవర దగ్గర రెండు చోట్లున్నాయి: 2007లో మొదలైన బీఐఈసీ ఎగ్జిబిషన్ కేంద్రం, ఇంకొకటి నైస్ గ్రౌండ్స్. 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ రెండు రోజులు పాడింది నైస్ గ్రౌండ్స్‌లోనే. ఒకప్పుడు ఈ ప్రాంతం పేరెత్తితే "అంత దూరమా" అనేవారు. 2024 నవంబరులో మెట్రో గ్రీన్ లైన్ మాదవర దాకా వచ్చాక లెక్క మారింది. అది చివరి స్టేషన్ కావడం పెద్ద లాభం, ఎందుకంటే రైలు ఖాళీగా బయల్దేరుతుంది. ఆరు బోగీల రైలు కిక్కిరిస్తే దాదాపు రెండు వేల మందిని మోస్తుంది. పది నిమిషాలకొకటి నడిస్తే గంటకు పన్నెండు వేలు. అసలు అడ్డంకి రైలు కాదు, స్టేషన్ గుమ్మంలోని బ్యాగు స్కానరు, టికెట్ల వరస. తిరుగు టికెట్ వచ్చేటప్పుడే కొనమని, లేదా కార్డులో డబ్బు వేసుకోమని పాసు మీదే ముద్రించండి. పెద్ద కార్యక్రమమైతే అదనపు రైళ్లు, తిరుగు కాగితం టికెట్ల కోసం మెట్రో సంస్థకు నెల ముందే లేఖ రాయండి.

వైట్‌ఫీల్డ్ నుంచి మాదవరకు మెజెస్టిక్‌లో రైలు మారి రావాలి, గంటన్నర పైమాటే. మీ సభ్యుల్లో ఎక్కువమంది మారతహళ్లి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉంటే కేటీపీఓ ఎగ్జిబిషన్ కేంద్రాన్ని చూడండి. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ పూర్తయ్యాక అటు ప్రయాణం తేలికైంది. కానీ అది ఎగ్జిబిషన్ల కోసం కట్టిన హాలు, సంగీతం కోసం కాదు. రేకు పైకప్పు, సిమెంటు నేల, ఖాళీ గోడలు. వెనక, పక్కల మందపాటి తెరలు కట్టించే ఖర్చు ముందే వేసుకోండి. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు పై మూడూ దూరమే. 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ మొదలయ్యే దాకా వాళ్ల కోసం బస్సులు పెట్టడం తప్ప దారి ఉండేది కాదు.

కంఠీరవ ఆవరణలో రెండున్నాయి: సుమారు పాతికవేల మంది పట్టే స్టేడియం, నాలుగు వేల సీట్ల ఇండోర్ స్టేడియం. పెద్దదాన్ని సింథటిక్ ట్రాక్ కారణంగా, క్రీడల క్యాలెండర్ కారణంగా సామాన్యంగా ఇవ్వరు. ఇండోర్ స్టేడియం మాత్రం నగరం మధ్యలో, వానకు భయపడని, కబ్బన్ పార్క్ మెట్రోకు దగ్గరి చోటు. దాని లోపం ప్రతిధ్వని. చప్పట్లు కొడితే పైకప్పు నుంచి తిరిగి వస్తుంది. డ్యాన్సు, ఆర్కెస్ట్రా, బహుమతి ప్రదానం చేయొచ్చు. అవధానం మాత్రం పెట్టకండి.

చిన్నస్వామి స్టేడియాన్ని "పెద్ద వేదికల" జాబితాల్లో చేరుస్తుంటారు. క్రికెట్ మైదానం, చుట్టూ ఇరుకు రోడ్లు. సంఘాల పోలికలో దానికి చోటివ్వనక్కర్లేదు.

5. వెయ్యి మందికైతే హాలే

చాలా సంఘాలు మూడు వేలమంది వస్తారనుకుని మైదానం తీసుకుంటాయి, తీరా ఎనిమిది వందల మంది వస్తారు. మైదానంలో ఎనిమిది వందలు అంటే వెలవెల. హాలులో అదే నిండు సభ.

వయ్యాలికావల్‌లోని చౌడయ్య స్మారక భవనం 1980 నాటిది. వయొలిన్ విద్వాంసుడు టి. చౌడయ్య పేరున, వయొలిన్ ఆకారంలోనే కట్టారు. వెయ్యికి పైగా సీట్లు. శాస్త్రీయ సంగీతానికి, నాటకానికి నగరంలో దీన్ని మించింది వెతకడం కష్టం. చుట్టూ ఇళ్లు, పార్కింగు తక్కువ. సీటింగ్ మొత్తం నిండే రోజు కార్లు వేరేచోట పెట్టించి, చిన్న బస్సులు తిప్పాలి. అదే పేటలో తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం ఉంది. సాహిత్య సభకు, అవధానానికి, పుస్తకావిష్కరణకు ముందు అక్కడ తేదీ అడిగి, దొరక్కపోతేనే ఇంకోచోటికి వెళ్లడం మేలు. ప్రేక్షకులకు దారి చెప్పే పని కూడా ఉండదు.

జె.సి. రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్ర 1963లో మొదలైంది. కన్నడ, సంస్కృతి శాఖది. అద్దె తక్కువ, స్టేజీ లోతైనది, పద్యనాటకం సెట్లకు సరిపోతుంది. ప్రభుత్వ కార్యక్రమం పడితే మీ బుకింగ్ ఏమవుతుందో షరతుల్లో చదవండి.

తాత్కాలిక పందిరి కింద కూడా మంచి సంగీతం వినిపించవచ్చా అన్న అనుమానం ఉంటే, శ్రీరామనవమి రోజుల్లో చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానానికి వెళ్లండి. శ్రీరామ సేవా మండలి 1939 నుంచి నడుపుతున్న కచేరీలవి. స్పీకర్లు ఎక్కడెక్కడ వేలాడదీశారో, ఒక్కోటి ఎంత తక్కువ వాల్యూంలో పెట్టారో చూసి రండి. త్యాగరాజ కీర్తనలు వినడం అదనపు లాభం.

6. చోటు చూడటానికి వెళ్లినప్పుడు

ఉదయం పదకొండుకు వెళ్తే ఏ చోటైనా బాగుంటుంది. మీ కార్యక్రమం శనివారం సాయంత్రమైతే శనివారం సాయంత్రమే వెళ్లండి. గేటు బయట ఆటో దొరకడానికి ఎంతసేపు పట్టిందో చూడండి.

జనరేటర్ నడిపించమనండి. మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. ఒకటీ రెండు వోల్టులైతే సరే. మూడు దాటితే ఎర్త్ పిట్‌లో తేడా ఉంది. వీణ పికప్‌లో, కీబోర్డులో "గుయ్" మనే హమ్ దానివల్లే వస్తుంది, సౌండు వాళ్లను తిట్టి లాభం లేదు. పిట్‌లో నీళ్లు పోయించి మళ్లీ కొలవండి, తగ్గకపోతే కొత్త ఎర్త్ వేయించాలి. సౌండుకూ లైట్లకూ వేర్వేరు జనరేటర్లు తప్పనిసరి. ఎల్‌ఈడీ తెరను లైట్ల జనరేటర్‌కే కలపాలి.

స్టేజీ వీపు ఇళ్ల వైపు ఉండేలా చూడండి. మైదానం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కన్నా 10 డెసిబెల్స్ గానీ, 75 డెసిబెల్స్ గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55, అంటే మీకు దొరికేది 65. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కన్సోల్ దగ్గర, అంటే 30 మీటర్లలో 95 ఉంటే, 120 మీటర్లలో ఇంకా 83 ఉంటుంది. అందుకే ముందు రెండు పెద్ద స్పీకర్ల గుట్టలు పెట్టి దంచేకన్నా, వెనక డిలే టవర్లు (వెనక వరసల కోసం, ముందు నుంచి వచ్చే శబ్దంతో కలిసేలా కాస్త ఆలస్యంగా మోగే స్పీకర్లు) పెట్టి ముందువాటిని తగ్గించడం మంచిది. 34 మీటర్లకు శబ్దం పదో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది, డిలే ఆ మేరకు పెట్టకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

టాయిలెట్లు 3,000 మందికి, నాలుగు గంటల సభకు: ఆడవాళ్లకు కనీసం ఇరవై, మగవాళ్లకు ఎనిమిది, వాటితో పాటు పదిహేను యూరినల్స్. సగం సగం పంచితే ఆడవాళ్ల వరస విరామం దాటి పాటల్లోకి వస్తుంది. తాగునీళ్లు మనిషికి లీటరు, అంటే 20 లీటర్ల క్యాన్లు 150. అగ్నిమాపక వాహనానికి ఆరు మీటర్ల వెడల్పు, తలపైన నాలుగున్నర మీటర్ల ఖాళీ. స్వాగత తోరణం కట్టేవాళ్లు ఈ ఎత్తును మింగేస్తారు. బోర్డులు కన్నడంలో కూడా పెట్టండి. గేటు దగ్గర పనిచేసే సెక్యూరిటీకి, ఆటో డ్రైవర్లకు, పోలీసులకు అవే ఆధారం.

7. అద్దెలను ఎలా పోల్చాలి

"రోజుకు ఇంత" అన్న అంకెలను పక్కపక్కన పెట్టకండి. మైదానానికి స్టేజీ కట్టడానికి రెండు రోజులు, విప్పడానికి ఒకటి కావాలి, ఆ రోజులకు పూర్తి అద్దెనా, సగమా? డీజిల్ ఎవరిది? శుభ్రం చేసే చార్జీ, డిపాజిట్ తిరిగిచ్చే గడువు, బయటి వంటవాళ్లను తెస్తే కట్టాల్సిన రాయల్టీ, అద్దె మీద 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపి, కుర్చీకి ఎంత పడిందో చూడండి. అద్దె మూడింతలున్న హాలు, ప్లాట్‌ఫాం, పందిరి, టాయిలెట్లు కలిపాక మైదానం కన్నా చవకగా తేలడం మామూలే.

టికెట్ పెడితే, సంగీత, నృత్య, నాటక ప్రదర్శనలకు మనిషికి 500 రూపాయల దాకా ప్రవేశం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. దాటితే 18 శాతం. 499కీ 599కీ మధ్య మీకు మిగిలే తేడా పది రూపాయలు కూడా ఉండదు, లెక్కేసుకోండి.

8. అనుమతులు, వాన

నలభై ఐదు రోజుల ముందు మొదలుపెట్టాలి: శాంతిభద్రతల పోలీసులు, ట్రాఫిక్ పోలీసులు, అగ్నిమాపక శాఖ, నగరపాలక సంస్థ, తాత్కాలిక కరెంటు అయితే బెస్కాం (బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ). సినిమా పాటలు స్టేజీ మీద పాడితే ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) లైసెన్సు, రికార్డు వేసి డ్యాన్సు చేస్తే దానికి తోడు రికార్డింగ్ హక్కుదారుల లైసెన్సు కూడా. పగలు భారీ వాహనాలకు నగరంలో ఆంక్షలున్నాయి, కాబట్టి ట్రస్ (లైట్లు, తెర వేలాడదీసే లోహపు చట్రం), స్పీకర్ల లారీలు రాత్రి దిగాలి. ఆ రాత్రికి మైదానం మీ అద్దెలో ఉందా అని చూడండి.

ఉగాది తర్వాత ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య గాలితో కూడిన వానలు వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు మరీ ఎక్కువ. గాలికి ముందు పడేది పందిరి కాదు, ఎల్‌ఈడీ తెర. దాన్ని ఎంత గాలికి కిందికి దించాలో ట్రస్ వాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోండి. రద్దయితే అద్దె తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అన్నదీ ఒప్పందంలో ఉండాలి.

ఒప్పందానికి మీరు కొలిచిన స్కెచ్ జతచేయండి. గేట్ల వెడల్పులు, ఏ గేటు ఏ సమయానికి తెరిచి ఉండాలి, తాళంచెవి ఎవరి దగ్గర, పక్క ముక్కలో ఆ రోజు ఏ కార్యక్రమం ఉంది, అన్నీ అందులోనే రాయండి. ఆ స్కెచ్ మీద రెండు వైపులా సంతకాలు పడ్డాకే అడ్వాన్సు చెక్కు ఇవ్వండి.